చివరి పది నిమిషాలు

“ఏ తండ్రయినా కన్నకూతుర్ని పిచ్చాసుపత్రిలో పడేసి మొహం చాటేస్తాడా? రాసినవాడికి బుద్ధి లేకపోతే తీసినవాడికన్నా ఉండక్కర్లా?”

రాధాకృష్ణ టీ గ్లాసును ఠప్పున పెట్టాడు. టీ ఒలికి ముందున్న కాగితం మీద పడింది. “హైదరాబాద్ టీవీ వారికి, సౌదీ అరేబియా, తబూక్‌లోని తెలుగు ప్రేక్షకులు రాయునది” అన్నంతవరకే అయింది ఆ ఉత్తరం.

శుక్రవారం సెలవు. ఎదురింటి హేమసుందర్, అతని భార్య కామేశ్వరి భోజనాలయ్యాక తమ అభిప్రాయాలు కూడా చేర్పించడానికి వచ్చారు. మానసిక చికిత్స కోసం ఒకే వార్డులో చేరిన ఐదుగురు ఆడపిల్లల కథ ఆ సీరియల్. క్యాసెట్ రాధాకృష్ణదే. అతను సగం చూసి, కట్టేసి, వీళ్ళకిచ్చేశాడు. పూర్తిగా చూసినవాళ్ళ కంటే సగం చూసినవాడికే కోపం ఎక్కువగా ఉంది.

“డాక్టరుగా వేసినాయన బాగానే చేశాడండీ. ఆ పిల్లలే మరీ అతి,” అన్నాడు హేమసుందర్. “జుట్టు విరబోసుకోవడం, గాజులు పగలగొట్టుకోవడం! బయటికొచ్చాక మాత్రం వాళ్ళనెవరు చేసుకుంటారు?”

“అతి కాదయ్యా, పొగరు. అదే రాస్తున్నాను. కువైట్ యుద్ధం జరిగిన నెలన్నరా నేను రియాద్‌లోనే ఉన్నా. సైరన్ మోగితే చాలు, కిటికీలకి టేపులంటించిన గదిలో దూరి కూర్చునేవాళ్ళం. నాకు పిచ్చెక్కిందా? మనసు మన చేతిలో ఉండాలి.”

“మీ అమ్మాయి వర్ష కూడా అప్పుడు మీ దగ్గరే ఉందిగా అన్నయ్యగారూ? పాపం, హడలిపోయుంటుంది.”

“హడలేముందమ్మా! మళ్ళీ విమానాలు నడవడం మొదలవగానే వాళ్ళమ్మతో ఇండియా పంపేశా. మద్రాసులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.”

కలం గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగింది. ఇంకో కాగితం తీశాడు. అతను తబూక్‌కి వచ్చింది యుద్ధమయ్యాకే. వర్ష గురించి వినడమే గాని ఇక్కడెవరూ ఆ పిల్లని చూడలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు.

“ముగింపు గురించి రాయండి. అదే మరీ ఘోరం,” అంది కామేశ్వరి. “పెద్దపిల్లకి నయమై బస్సెక్కుతుంది. హాయిగా ఉందనుకుంటుండగా తెర మీద గీతలొచ్చి, హఠాత్తుగా ఇంకో పిల్ల ఊడిపడుతుంది! అంతకు ముందు ఎక్కడా లేదు. పాట లేదు, పౌడరు లేదు, జుట్టు కూడా కత్తిరించేశారు. మంచం మీద కూర్చుని మనకేసే చూస్తుంది.”

“కెమెరాకేసి చూడకూడదని కూడా తెలీదు. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారో, నటన బొత్తిగా రాదు,” అన్నాడు హేమసుందర్.

“మిగతావాళ్ళు అరిచైనా చచ్చారు, ఇది అరవను కూడా అరవదు. పిచ్చిదానిలాగే లేదు. మొదట ఏదో అంటుంది, ఏసీ రొదలో వినపడి చావలేదు. ఆ తర్వాత ఒకటే మాట. ‘నాన్నా, నువ్వొచ్చి సంతకం పెడితే పంపించేస్తారట’ అని. పది నిమిషాలూ అదే! ఆ తండ్రెవడో చూపించనే లేదు. నాకు దొరికితే చెంపలు వాయించేదాన్ని.”

రాధాకృష్ణ చివాలున లేచాడు. “ఇది క్యాసెట్ ఎక్కించిన ఆ గౌస్ మొహిద్దీన్ పనే! అసలు ముగింపు కోసేసి ఇంకేదో అతికించాడు. ఇవాళ వాడి సంగతి తేలుస్తా.”

క్యాసెట్ తీసుకుని బజారుకెళ్ళాడు. సాయంకాలపు అసర్ నమాజు అప్పుడే అయింది. గౌస్ మొహిద్దీన్ తన వీడియో షాపు షట్టర్ పైకెత్తుతున్నాడు. కడప మనిషి, నెమ్మదస్తుడు. రాధాకృష్ణ కేకలన్నీ ఓపిగ్గా విన్నాడు.

“నా అసలు క్యాసెట్టు లోపలుంది, చూపిస్తా రాండి సార్. బస్సు పోతానే కథ అయిపోతాది. ఆ పాపెవరో నాకు తెల్దు.”

“మరి నా క్యాసెట్లోకి ఎలా వచ్చిందోయ్?”

“ఖాళీ క్యాసెట్టు తెమ్మంటే మీరు పెండ్లి క్యాసెట్టు తెస్తిరి. దీన్నెవరు చూస్తారు, దీని మీదే ఎక్కించెయ్ అంటిరి. సీరియల్ పొట్టిది సార్, క్యాసెట్టు పొడుగు. మిగిలిన కాడ పాతదే ఉంటాది.”

రాధాకృష్ణ క్యాసెట్ తీసుకుని వెనుదిరిగాడు. అది బావమరిది పెళ్ళి క్యాసెట్. పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, తనంతట తానే ఊరెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వేయించి పాస్‌పోర్టు చేతికిచ్చినా, అతను ఆ పెళ్ళికి వెళ్ళలేదు. క్యాసెట్‌తో పాటు భార్య ఉత్తరం పంపింది. “మీరెలాగూ రాలేదు. కనీసం ఇదైనా చివరిదాకా చూడండి” అని రాసింది. దెప్పుతోందనుకుని ఒళ్ళు మండింది. తలంబ్రాలు రాకముందే టీవీ కట్టేసి, క్యాసెట్‌ని బీరువా అడుక్కి నెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి హేమసుందర్ వాళ్ళు లేరు. కాగితం మీద తన అక్షరాలే ఉన్నాయి. “ఏ తండ్రీ ఇలా చేయడు. ఇది పచ్చి అబద్ధం.”

తలుపు గడియ పెట్టి, వీసీఆర్‌లో క్యాసెట్ తోసి, ముందుకు తిప్పాడు. పెద్దపిల్ల బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగింది. గీతలొచ్చాయి. అంత ఎండలోనూ అతను లేచి ఏసీ ఆపేశాడు.

“నాన్నా, నాకిప్పుడు సైరన్లు వినపడట్లేదు,” అంది తెర మీద వర్ష.