పరీక్షకు వచ్చిన భుజం

తిరుపతిలో ఆటగాళ్ల దెబ్బలు నయం చేయడం నేర్పే పైచదువు ఒకటి ఉంది. ఆటగాళ్లు ఎప్పుడో గానీ రారు కనక, అది చదివే పిల్లలు ప్రతి గురువారం నా భుజం మీదే నేర్చుకునేవారు. బావి మెట్ల మీద పడితే పట్టేసిన భుజం అది. పంకజాక్షి అనే పిల్ల నా చేయి పట్టి మెల్లగా పైకెత్తేది. సగానికి రాగానే నేను "అబ్బా" అనేవాణ్ని.

ఆమె పరీక్ష రోజు కూడా అన్నాను. ఆమె కాగితం మీద "నొప్పి లేదు" అని రాసింది.

పరీక్ష పెట్టే పెద్ద డాక్టరు నవ్వాడు. "ఏమ్మా, ఆయన అరస్తా ఉంటే నొప్పి లేదని రాస్తివే! చెవులు యాడ పెట్టినావు?"

"బాగైపోయినాది సార్."

"నువ్వు చెప్పప్పా పెద్దాయనా. నొప్పి ఉండాదా, లేదా?"

ఉందంటే ఆ పిల్ల ఫెయిలవుతుంది. లేదంటే ఇక నన్నెవరూ రమ్మనరు. మా ఇంటామె పోయాక నన్ను తాకి, నొప్పా అని అడిగింది ఈ పిల్ల ఒక్కతే.

కొండకు మొక్కేటప్పటిలా రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తాను.

ఆయన మార్కులు వేసి వెళ్లిపోయాడు. నేను చొక్కా తొడుక్కుంటూ, "ఎట్ల కనిపెట్టినావు పాపా?" అన్నాను.

"మూడు నెల్ల నుంచీ తెలుసు తాతా" అంది పంకజాక్షి.