నలభయ్యో పేరు

ఇంకా ఒక్క పేరు కావాలి.

రాజలింగం సారు సంచిలో ముప్పై తొమ్మిది ఫారాలున్నాయి. ఒకటో తరగతిలో కొత్తగా చేరే పిల్లలవి. రేపు పొద్దున పదింటికల్లా నలభై ఫారాలు పైఆఫీసులో ఉండాలి. లేకపోతే ముంబైలోని ఈ కామాటిపుర తెలుగు బడికి తాళం పడుతుంది. ఉన్న పిల్లల్ని తీసుకెళ్లి మరాఠీ బడిలో కలిపేస్తారు. టీచర్లను ఎక్కడికి విసిరేస్తారో ఆ దేవుడికే ఎరుక.

రెండేళ్లుగా తెలుగు టీచర్లంతా సంఘం కట్టి కాళ్లరిగేలా తిరిగారు. తరగతికో టీచరు కావాలన్నారు. పుస్తకాలు దీపావళికి కాదు, జూన్‌లోనే రావాలన్నారు. నల్లా ఉన్న పాయఖానా కట్టమన్నారు. నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నారు, వానలో నిలబడి ధర్నా చేశారు. అంతా విని ఆఫీసరు తేలిగ్గా ఒక్క మాటన్నాడు. "ముందు నలభై మంది పిల్లల్ని తెండి, తర్వాత టీచర్లను అడుగుదురు గాని."

ఆ సాయంత్రమే సంఘం ఒక తీర్మానం చేసింది. రిజిస్టర్లో దొంగ పేరు ఒక్కటి కూడా ఉండకూడదని. దాన్ని ప్రతిపాదించింది అధ్యక్షుడు రాజలింగం సారే. దొంగ హాజరుతో నడిచే బడి బడే కాదని, అది పిల్లల నోట్లో మన్ను కొట్టడమేనని బల్ల గుద్ది చెప్పాడు. కార్యదర్శి రత్నాబాయి టీచరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆ ఇద్దరే పదకొండో గల్లీలో వరస గదుల పాత మేడ, ఒక చాల్ మెట్లెక్కుతున్నారు. పొద్దుటి నుంచి ఫోరస్ రోడ్ దాకా ఎక్కని మెట్లు లేవు, తట్టని తలుపు లేదు. ఒక ఇంట్లో తండ్రి తెలుగులో అడిగితే కొడుకు మరాఠీలో జవాబిచ్చాడు. ఇంకో ఇంట్లో తల్లి, "తెలుగు ఇంట్ల మాట్లాడుకుంటనే ఉన్నం గద సారు, దానికి బడెందుకు?" అంది. ముప్పై ఏళ్ల సర్వీసున్న సారు చేతిలోని ఖాళీ ఫారం మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

మూడో అంతస్తులో చివరి ఒంటిగది ఖోలీ యాదమ్మది. తల్లి కాలంలోనే పాలమూరు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన కూలీల కుటుంబం. అమ్మ మోసిన తట్టే యాదమ్మా మోస్తోంది. అప్పుడే సైట్ నుంచి వచ్చినట్టుంది, కాళ్లకంటిన సిమెంటు కడుక్కుంటోంది. ఏడేళ్ల కూతురు మంగళ తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది.

"బిడ్డను బడికి తోలు యాదమ్మా," అన్నాడు సారు.

"తోలితే చిన్నోన్ని ఎవరు చూస్తరు సారు? పిల్లగాన్ని చంకనేసుకొని పోతే ముకద్దం పనిల పెట్టుకోడు. ఇది వానికాడ కూసుంటెనే నాకు పని."

"వాణ్ణి కూడా తీసుకురానీ, క్లాసులో పడుకోబెడతాను," అంది రత్నాబాయి.

"వాడింక నా పాలే తాగుతున్నడు టీచరమ్మా. సైట్ ఏడనో కుర్లాల ఉన్నది. నడుమల నేనెట్ల రావాలె?"

"నేను పోతనే అమ్మా," అంది మంగళ మెల్లిగా.

"ఊకో," అంది యాదమ్మ, కూతురి మొహం చూడకుండా.

ఈ చాల్‌లో ఇక తట్టడానికి తలుపు లేదు. కింద దీపాలు పెడుతున్నారు. సారు గుమ్మంలోకి ఒక అడుగు వేసి, గొంతు తగ్గించాడు.

"పోనీ పేరన్న ఇయ్యి యాదమ్మా. పేరొక్కటే. పిల్ల రాకున్నా నేను చూసుకుంట."

రత్నాబాయి ఉలిక్కిపడింది. "సార్, మన తీర్మానం..."

"తీర్మానం నిలవాలంటే ముందు బడి నిలవాలె గదమ్మా."

ఆమె వరండా కటకటాల దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. ఏడుస్తోందని వీపు చూస్తేనే తెలుస్తోంది. రేపటి నుంచి రత్నాబాయికి ఏ మొహం చూపించాలో సారుకు తెలియలేదు.

యాదమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"హాజరు మీరే ఏస్తరు గద?"

"ఏస్త."

"పరీచ్చలు?"

"అవి గూడ నేనే చూసుకుంట."

"అయితే రాసుకోన్రి."

పాపం, ఎంత నమ్మకమో అనుకున్నాడు సారు. గోడకానుకుని ఫారం నింపాడు. మంగళ, వయసు ఏడు, ఒకటో తరగతి. కలం ఆమె చేతికివ్వబోతే యాదమ్మ బొటనవేలు చూపించింది. ఆయన కలం మూత విప్పి, పాళీతో ఆ వేలికి ఇంత సిరా పూశాడు. సిమెంటు తిని చర్మం చిట్లిపోయిన వేలది. చూస్తుంటే సారుకు కళ్లు చెమర్చాయి.

"నీ చిన్నప్పుడు గూడ ఎవరన్న గిట్ల ఇంటికొచ్చి అడిగి ఉంటే, నీకీ వేలిముద్ర బాధ తప్పేది యాదమ్మా."

యాదమ్మ వేలు ఫారం మీద గట్టిగా నొక్కి, కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"అడిగిన్రు సారు, మీరే వచ్చి అడిగితె మా అమ్మ గూడ గిట్లనే ఉత్త పేరిచ్చింది, నేను మీ బళ్లెనే నాలుగో తరగతి పాసైన."