ఒక్క అక్షరం తక్కువ

"ఇది ఎటు చూస్తోంది?" బొమ్మను పైకెత్తి అరిచాడు మేనేజరు.

బొమ్మల ఫ్యాక్టరీలో కళ్ళు అతికించే గది అది. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళంతా తలలెత్తారు. అందరూ పిన్ని అని పిలిచే పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

"ఒక కన్ను మిమ్మల్ని చూస్తోంది సార్. ఇంకోటి ఫ్యాన్‌ని."

"నవ్వకండి! షాపువాళ్ళు లోడు లోడంతా వెనక్కి పంపారు. పిల్లలు జడుసుకుంటున్నారట! సాయంత్రం ఓనరు గారే వచ్చి చూస్తారు. ఇంకొక్క మెల్లకన్ను కనబడిందా, ముందు ఊడేది నా ఉద్యోగం."

"రోజూ ఓవర్‌టైము చేయిస్తుంటే మా కళ్ళే మెల్ల పడుతున్నాయి, ఇక బొమ్మలవెంత సార్?" అంది గలగల. నోరు ఆగదని ఆ పిల్లకి అందరూ కలిసి పెట్టిన పేరది. "భోజనాలయ్యాక కాసేపు నడుం వాల్చనిస్తే..."

"అదే! అదే వద్దంటున్నా! తిన్నాక మీరు కునికిపాట్లు పడబట్టే కళ్ళు పక్కకి పోతున్నాయి. ఇవాళ్టి నుంచి ఈ గదిలో ఎవరూ రెప్ప వెయ్యడానికి వీల్లేదు. గోడ మీద రాయిస్తా, ఇంతింత అక్షరాలతో!"

అన్నంత పనీ చేశాడు. అప్పటికప్పుడు పెయింటర్ని పిలిపించాడు. ఆ పెయింటరేమో రెండు షాపుల పని ఒకేసారి నెత్తినేసుకుని, కంటి మీద కునుకు లేకుండా ఉన్నాడు. వస్తూనే గుమ్మంలో ఆవులించాడు.

"'ఇక్కడ నిద్రపోరాదు.' అంతే. వీళ్ళు తినొచ్చేలోపు అయిపోవాలి" అని చెప్పి, షాపువాళ్ళని ఫోన్లో బతిమాలుకోవడానికి తన గదిలోకి పరిగెత్తాడు మేనేజరు.

తినొచ్చిన జనం గుమ్మంలోనే ఆగిపోయారు. గోడ మీద బొద్దుగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి అక్షరాలు.

ఇక్కడ నిద్రపోరా

వాటి కింద బల్ల మీద, కుంచె చేతిలో ఉండగానే, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు పెయింటరు.

"ఇదేంటి పిన్నీ? ఇందాక వద్దని అరిచి ఇప్పుడు నిద్రపొమ్మంటున్నాడు?" అంది గలగల.

"ఓనరు గారు ఫోన్లో చివాట్లు పెట్టుంటారు లేవే. చూడు, రాసినవాడే ముందు పాటిస్తున్నాడు."

"కానీ 'రా' అన్నాడు. అంటే మగాళ్ళకేనా? మనకి 'పోవే' అని ఇంకో గోడ మీద రాస్తారా?"

"వ్యాకరణం తర్వాత చూద్దువు గానీ, ముందు ఆ దూది మూట ఇటు పడెయ్."

బొమ్మల్లో కూరే దూది మూటలన్నీ క్షణంలో తలగడలైపోయాయి. గది మొత్తం ఒకే గురక.

ఫోను పెట్టేసి వచ్చిన మేనేజరు తలుపు తీసి కొయ్యబారిపోయాడు.

"లేవండి! ఎంత ధైర్యం మీకు!"

"మీరేగా సార్ రాయించారు" కళ్ళు నులుముకుంటూ గోడ చూపించింది గలగల.

మేనేజరు చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క దూకులో బల్లెక్కి పెయింటర్ని పట్టుకుని కుదిపేశాడు.

"'దు' ఏదయ్యా? నా 'దు' ఏది?"

పెయింటరు ఉలిక్కిపడి కాలు జాడించాడు. రంగు డబ్బా కాస్తా బోర్లా పడింది. 'దు'కి మిగిలిన నలుపంతా నేలపాలు.

"పరిగెత్తు! ఇంకో డబ్బా పట్రా!"

మిగతావాళ్ళని తిట్టడానికి కూడా టైము లేదు. అందరూ గబగబా బల్లల ముందు చేరారు. చిత్రం! చేతులు చకచకా ఆడుతున్నాయి. పిన్ని అతికించిన కన్ను మళ్ళీ పీకాల్సిన పనే రావట్లేదు. గలగల కూనిరాగాలు తీస్తోంది. మేనేజరు ఒక బొమ్మను ముక్కుకి ఆనించుకుని చూశాడు. సూటిగా చూస్తోంది. ఇంకోటి. అదీ సూటిగానే! నవ్వాలో ఏడవాలో తెలియలేదతనికి.

ఇంతలో, సాయంత్రం కాకముందే, ఓనరు గారు రానే వచ్చారు. చెవిన ఒక ఫోను, చేతిలో మోగుతూ ఇంకో ఫోను. ఎవరితోనో మాట్లాడుతూనే పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఒక బొమ్మను తీశారు. ఇంకోటి తీశారు. మాట ఆపేశారు.

"అద్దంలా ఉన్నాయే! ఏం మాయ చేశావయ్యా?"

"అదీ... సార్..."

మేనేజరు చూపు గోడ మీదకి పోయింది. దాని వెనకాలే ఓనరు గారి చూపూ పోయింది. సరిగ్గా అప్పుడే డబ్బాతో రొప్పుతూ వచ్చాడు పెయింటరు.

"ఒక్క అక్షరం సార్! 'దు' మిగిలిపోయింది. నిమిషంలో పెట్టించేస్తా. వీళ్ళు అది చూసి పొరపాటున పడుకున్నారు..."

"పడుకుని లేచాకే ఇవి చేశారా?"

మేనేజరు ఒప్పేసుకున్నాడు. "అవును సార్."

ఓనరు గారు బొమ్మ కళ్ళలోకి చూశారు. పిన్ని కళ్ళలోకి చూశారు. పెయింటరు వైపు తిరిగారు.

"తప్పు రాశావయ్యా."

మేనేజరు కళ్ళ ముందు ఉద్యోగం గిర్రున తిరిగింది.

"ఇంతమంది ఆడవాళ్ళున్న చోట 'రా' ఏంటి? అది చెరిపేసి 'నిద్రపోండి' అని రాయి. రోజూ భోజనాలయ్యాక అరగంట."

గలగల వేసిన ఈలకి బొమ్మలు కూడా అదిరాయి. మేనేజరు దూది మూట మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

వెళ్ళబోతూ ఓనరు గారు పెయింటరు భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళారు. మోగుతున్న ఫోన్‌ని నొక్కేసి, గొంతు బాగా తగ్గించారు.

"నా గదిలో కూడా ఒకటి రాసిపెట్టు. అక్కడ మాత్రం 'రా' ఉండనీ. పొద్దున లేస్తే సార్ సార్ అనేవాళ్ళే గానీ, నిద్రపోరా అని నాతో అన్నవాడు ఒక్కడూ లేడు."