గిన్నె, గరిటె

ఇంకొక్క అవుట్ దొరికితే బేస్‌బాల్ ఫైనల్ శాంటియాగో జట్టుదే. అప్పుడే రాజధాని జట్టువాడు కొట్టిన బంతి గోడ దాటిపోయింది; ఆ ఒక్క దెబ్బతో ఫైనల్ వాళ్లదైంది.

రేడియో పక్కన స్కోరు పుస్తకం తెరిచి ఉంది. ఏనాడూ ఒక్క గడి ఖాళీగా వదలని నాకు ఆ పరుగు రాయడానికి చేయి రాలేదు.

మంచం మీద మా ఆయన బెలార్మినో గోడవైపు తిరిగి పడుకున్నారు. పుట్టినప్పటి నుంచీ శాంటియాగో జట్టే ఆయన ప్రాణం. వచ్చే సీజనుదాకా ఆయన ఉండరని డాక్టరు మొన్ననే మా ఇద్దరికీ చెప్పాడు.

వీధిలో గెలిచినవాళ్లు గిన్నెలు వాయిస్తున్నారు. లేచి కిటికీ మూశాను.

"ఎందుకే మూశావు?"

"దుమ్మొస్తోందండీ."

"అబద్ధాలాడకు. మీ రాజధానివాళ్లు గెలిచారుగా, నీ గిన్నె ఏదీ? నలభై ఆరేళ్లుగా మేం ఓడినప్పుడల్లా నా చెవి దగ్గరే వాయించావు. ఇవాళ జాలి పడుతున్నావా? నేనింకా పోలేదే!"

వంటింట్లోంచి గిన్నె, గరిటె తెచ్చి ఆయన చెవి దగ్గర వాయించాను.

ఆయన ముఖం వెలిగింది. "ఆపవే, దొంగ జట్టుదానా! వచ్చే ఏడు చెప్తా నీ సంగతి!"

నేను ఆపలేదు. ఆపితే నా ఏడుపు ఆయనకు వినపడుతుంది.