జుట్టు మొదలయ్యే చోట

“ఈమె నా భార్య కాదు,” అన్నాడు గడియారాల మేస్త్రి.

మార్చురీ ఉద్యోగి దుప్పటి మళ్ళీ కప్పలేదు. “తొందరపడకు పెద్దాయనా. రెండు రోజులు కాలవ నీళ్ళలో ఉంది, ముఖం ఉబ్బిపోయింది. ఇంకోసారి చూడు.”

మేస్త్రి వంగి చూశాడు. వెంట్రుకంత స్ప్రింగును పట్టి సరిచేసే కళ్ళు అవి. నుదురు దాదాపు నడినెత్తి దాకా పాకింది. కింది సగం ఎండకు కమిలిన రంగు. పై సగం పాలిపోయి, నున్నగా, మానిన పుండు మీది చర్మంలా మెరుస్తోంది. ఆ నునుపులో అక్కడొకటి ఇక్కడొకటి వెంట్రుక. కనుబొమలుండే చోట ఏమీ లేదు.

“కాదయ్యా. మా ఆవిడకి జుట్టు నుదుటి మీదకి పడుతుంటుంది. కనుబొమలు గీసినట్టుంటాయి. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం, ఆ మాత్రం తెలీదా?”

“ఇంట్లోంచి పోయినప్పుడు ఏ రంగు బట్టలేసుకుంది?”

“ఇంట్లో వేసుకునేవే.”

“అంటే?”

మేస్త్రి ఫోనులో భార్య ఫొటో వెతికి చూపించాడు. ఉద్యోగి ఆ ఫొటోనీ, బల్ల మీది ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

“అందగత్తేనే,” అన్నాడు.

“సోకులకేం తక్కువ లేదు. నేను లేచేసరికే స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంటుంది, గంటకి గానీ రాదు. ఈ ముసలి మొహాన్ని ఎవరు చూస్తారే అని మూడు రోజుల కిందట తలుపు బాదాను. దానికే అలిగి పోయింది. వస్తుందిలే.”

“సరే, అయితే మీ ఆవిడ కాదని ఇక్కడ సంతకం పెట్టు. ఎవరూ రానివాళ్ళని ఈ పూటే దహనానికి పంపేస్తున్నాం. ఉంచడానికి చోటు లేదు.”

మేస్త్రి సంతకం పెట్టి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపలి నుంచి బండి వస్తే లేచి దారిచ్చాడు. అది గేటు దాటుతుండగా కూతురు పరిగెత్తుకొచ్చింది.

“ఏమైంది నాన్నా? అమ్మేనా?”

“కాదు తల్లీ. ఎవరో పాపం. ముందంతా బోడి, కనుబొమలు కూడా లేవు. అదిగో, తీసుకెళ్ళిపోతున్నారు.” మూడు రోజుల్లో మొదటిసారి మేస్త్రికి ఆకలి తెలిసింది. “పద, ఏదైనా తిందాం.”

కూతురు కదల్లేదు. మలుపు తిరుగుతున్న బండినే చూస్తోంది.

“అమ్మ జుట్టు రాలిన చోట మచ్చ కట్టింది, ఇక మొలవదని డాక్టరు చెప్పి ఆరేళ్ళయింది. నీకు చెప్పొద్దని అమ్మ నాచేత ఒట్టేయించుకుంది. నువ్వు చూసిన జుట్టు విగ్గు నాన్నా. కనుబొమలు నేను కొనిచ్చిన పెన్సిలు.”