వాగుగట్టు మీద ఖాళీ చోటు

ఆ కొండవాగు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. రోగం తగ్గించే వేరు ఎవరికి దొరికినా, దాన్ని గట్టు మీది తడి బంకమట్టిలో అద్ది అచ్చు వదలాలి. అవసరం పడ్డవాళ్లు ఆ అచ్చు చూసి, అలాంటి వేరునే తవ్వుకునేవారు.

ముళ్లపంది మూడు వానాకాలాలు ఆ గట్టు వదల్లేదు. ఎవరెవరో వేసిన అచ్చులన్నీ పోల్చి పోల్చి చూసి, చివరికి పాము విషానికి విరుగుడు వేరు పట్టుకుంది. పట్టుకుని తన బొరియలో దాచేసింది.

గట్టును కనిపెట్టుకుని ఉండే, ఒంటినిండా పొలుసులున్న ముసలి జంతువు అలుగు అడిగింది. "అచ్చు వెయ్యలేదేమమ్మా?"

"ముక్కరిగేలా తవ్వింది నేను తాతా! అందరికీ ఊరికే చూపించాలా?"

"మరి నువ్వు చూసిన అచ్చులు ఎవరి ముక్కులు అరిగితే వచ్చాయి?"

ముళ్లపంది ముళ్లు విదిల్చి వెళ్లిపోయింది.

ఒకనాడు అది మేతకని కొండ దాటిపోయింది. ఇక్కడ దాని పిల్లను పాము కరిచింది. అడవంతా పరుగెత్తుకొచ్చింది. బొరియ నిండా రకరకాల వేర్లు కుప్పలుగా పడున్నాయి. వాటిలో విరుగుడు ఏదో ఒక్కరికీ తెలియదు.

సాయంత్రం తిరిగొచ్చిన ముళ్లపంది, చల్లబడిన పిల్లను చూసి గొల్లుమంది. "ఇంతమంది ఉండి, ఒక్క వేరు తీసి దీని నోట్లో పెట్టలేకపోయారా?"

అలుగు తలెత్తలేదు.

"గట్టు దాకా పరుగెత్తామమ్మా. నీ అచ్చు ఉండాల్సిన చోట మట్టి నున్నగా ఉంది."