ఎర్రరెక్క రాలేదు

"సంతకానికి పెన్నుందా, నాదిమ్మంటావా?" అన్నాడు బావ, రాతి మీద కూర్చుని బూట్లలో ఇసుక దులుపుకుంటూ.

చేపలాయన మడుగు మీంచి చూపు తిప్పలేదు. "పొద్దింకా ఉంది."

నలభై రోజులుగా ఆయనా ఆయన భార్యా ఇక్కడే కాపలా. ఏటికడ్డంగా వెదురుదడి కట్టి, మధ్యలో మూరెడు సందు వదిలాడు. దిగువ నుంచి ఎక్కివచ్చే చేప ఆ సందులోంచే దూరాలి. నాలుగేళ్ల కిందట, ఈ ఏట్లో మిగిలిన ఆఖరి ఎర్రరెక్క జంటను ఆయనే ఈ మడుగులో పట్టాడు. చేపపిల్లల కేంద్రానికి తీసుకుపోయి, ఆడదాని పొట్ట మెల్లగా నిమిరి గుడ్లు తీశాడు. వాటిని తట్టల్లో పొదిగించింది భార్య. పిల్లలు వేలెడంతయ్యాక మళ్లీ తెచ్చి ఇదే మడుగులో వదిలారు. అవి పెద్ద నదిలోకి పోయి పెరిగి, నాలుగో ఏట గుడ్లు పెట్టడానికి తిరిగి రావాలి.

ఇవాళ పొద్దుగూకేలోగా ఒక్కటైనా రాకపోతే కేంద్రం మూత. ఎర్రరెక్క జాతి ఇక లేదని రాసేస్తారు. ఆ రాసే అధికారి ఈ బావే, స్వయానా చేపలాయన అక్క మొగుడు.

"దారి మర్చిపోయి ఉంటాయిలే," అన్నాడు బావ.

"చేప దారి మర్చిపోదు బావా. పుట్టినప్పుడు ఏ నీళ్ల వాసన పట్టిందో అదే దాని ముక్కులో ఉండిపోతుంది. ఎన్నేళ్లయినా, మధ్యలో ఎన్ని పాయలు కలిసినా, ఆ వాసన పట్టుకుని వస్తుంది."

"మీ అక్క పుట్టింటికొచ్చినట్టు."

"అక్క నీతో పోట్లాడితే గాని రాదు."

"అందుకే నెలనెలా వస్తోందిగా."

భార్య నవ్వు ఆపుకుంటూ క్యారియర్ విప్పింది. బావ ఆమె వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు ఈ మనిషికి."

"చేపల సంగతి ఆయన చెబితే నమ్ముతానన్నయ్యా. మిగతా సంగతులు నన్నడక్కండి."

"వీటి తాతముత్తాతలంతా ఈ గులకరాళ్ల మధ్యే గుడ్లు పెట్టారు," అన్నాడు చేపలాయన. "ఇది కాక ఇంకెక్కడికి పోతాయి?"

ఎండ రాళ్ల మీంచి జారింది. గట్టుచెట్ల నీడ ఏరంతా పరుచుకుంది. దడి సందులో నీళ్లు తప్ప ఏమీ కదల్లేదు. బావ ఇక హాస్యమాడలేదు. కాగితం మడత విప్పి మోకాలి మీద పరిచాడు.

చేపలాయన సంతకం పెట్టాడు. "ఇవాళ్టికి రాలేదని పెడుతున్నా. రావని కాదు."

"అలాగేలేవయ్యా."

ముగ్గురూ జీపెక్కి రెండు మైళ్లు దిగువకు, ఏటిగట్టునే ఉన్న కేంద్రానికి వచ్చారు. భార్య గదులకు తాళాలు వేస్తోంది. బోరు మోటారు మాత్రం ఎప్పట్లాగే తిరుగుతోంది. తట్టల మీదా తొట్లలోనూ పారిన ఆ నీళ్లు వెనకవైపు గొట్టంలోంచి ఏట్లో పడతాయి. గొట్టం మూత బిగించడానికి చేపలాయన ముళ్లపొదలు తప్పించుకుంటూ అటు దిగాడు. కాపలాకు కూర్చున్న నాటి నుంచీ ఎవరూ అటు పోలేదు.

ఎంతసేపటికీ పైకి రాలేదు.

"ఏమండీ, మోటారు ఆపెయ్యనా?" గోడ అవతల నుంచి భార్య కేకేసింది.

"ఆపకు." గొంతు మామూలుగానే ఉంది. "బావను ఒకసారి ఇటు రమ్మను. ఆ కాగితం కూడా తెమ్మను."

బావ గొణుక్కుంటూ దిగాడు. వెనకే ఆమె. గొట్టం కింద మోకాల్లోతు నీళ్లు సలసల కాగుతున్నట్టు కదులుతున్నాయి. మూరెడేసి చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, పడుతున్న ధారకు మూతులెత్తుతున్నాయి. ప్రతిదానికీ ఎర్రటి రెక్కలే.

బావ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అంత మంచి మడుగు పైన పెట్టుకుని, వీటికి ఈ గొట్టం దగ్గరేం పని?"

చేపలాయన తన భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"గుడ్లు పగిలింది ఈ నీళ్లలోనే గదన్నయ్యా."